గోడ మీద మన బొమ్మ ఉంది, చీటీ మీద మన పేరేది?

 

మొన్న మన విద్యార్థుల సమావేశంలో ఆదివాసీ కళ గురించి, ఆర్ట్ గ్యాలరీల గురించి మాట్లాడమన్నారు. ఆ రోజు రాలేకపోయిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ మాటలు రాసి పెట్టమని అడిగారు. అందుకే మాట్లాడినదాన్ని దాదాపు అలాగే ఇక్కడ పెడుతున్నా. ఒకమాట ముందే చెప్తున్నా, నాకు కళా విమర్శ రాదు. నేను డిగ్రీలో చదివింది ఎకనామిక్స్. బొమ్మ ఎంత బాగుందో చెప్పడం నా పని కాదు. ఆ బొమ్మ మీద వచ్చిన రూపాయి ఎవరి చేతికి వెళ్లిందో అడగడం నా పని.

హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో ఫ్రెండ్స్‌తో కలిసి ఒక ఆర్ట్ గ్యాలరీకి వెళ్లా. ఏసీ గది, తెల్లటి గోడలు, గట్టిగా మాట్లాడాలంటే భయం వేసేంత నిశ్శబ్దం. గోడల మీద పెద్ద పెద్ద పెయింటింగ్‌లు. ప్రతి పెయింటింగ్ పక్కన ఒక చీటీ. దాని మీద వేసినవాళ్ల పేరు, పుట్టిన ఊరు, ఎక్కడ చదివారు, ఏ ఆలోచనతో వేశారు, అన్నీ ఉన్నాయి. చివర్లో ఒక దిమ్మె మీద మన ఇత్తడి బొమ్మ కనిపించింది. గుర్రం మీద కూర్చున్న మనిషి. నాకు ఒక్కసారిగా సంతోషం వేసింది, మా ఊరివాళ్లు ఎవరో బస్టాండ్‌లో కనబడ్డట్టు. దగ్గరికెళ్లి చీటీ చదివా. "ఆదిలాబాద్ డోక్రా. ఇత్తడి." అంతే.

కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయిని అడిగా, "ఇది చేసిందెవరండీ?"

"ట్రైబల్స్ అండి."

"ట్రైబల్స్‌లో ఎవరు?"

"ఆదిలాబాద్ ట్రైబల్స్ అండి."

"నేనూ ఆదిలాబాద్ ట్రైబలే. కానీ నేను చేయలేదే!" అన్నా. ఆ అమ్మాయి నవ్వింది, నేనూ నవ్వా. తప్పు ఆమెది కాదు, ఆమెకి ఇచ్చిన కాగితంలో అంతే రాసి ఉంది. ధర అడిగా. నా హాస్టల్ మెస్ బిల్లు నాలుగు నెలలది. బయటికొచ్చి బస్సెక్కాక మాత్రం నవ్వు రాలేదు.

సెలవులకి ఊరొచ్చినప్పుడు ఆ బొమ్మ ఫొటో పట్టుకుని మా వైపు ఓజాల ఇళ్లకి వెళ్లా. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉషేగావ్, కెస్లాగూడ లాంటి ఊళ్లలో ఈ పని చేసే ఓజా కుటుంబాలు ఉన్నాయని మీకు తెలుసు. మన దేవుళ్ల గంటలు, పూజ సామాన్లు పోసేది వాళ్లే. నేను వెళ్లిన ఇంట్లో ఒక పెద్దాయన ఫోన్ దగ్గరగా పట్టుకుని, ఫొటో పెద్దది చేసి, గుర్రం మెడ మీద ఉన్న గీతలు చూశాడు. "ఇంత సన్నంగా తీగ తీసేది మా చిన్నాయన ఒక్కడే" అన్నాడు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. హైదరాబాద్‌లో ఎవరికీ తెలియని పేరు ఆ వాకిట్లో అందరికీ తెలుసు. అడిగినవాళ్లే లేరు.

ఆ గీతల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే పని తెలియకుండా విలువ గురించి మాట్లాడలేం. ముందు మట్టితో లోపలి రూపం చేస్తారు. ఎండాక దాని మీద తేనెమైనాన్ని సన్నటి తీగల్లా తీసి, పక్కపక్కన చుడతారు. కళ్లు, చెవులు, నగలు అన్నీ మైనంతోనే. దాని మీద మళ్లీ మట్టి పొరలు వేసి, ఒక దారి వదిలి, ఎండబెట్టి కాలుస్తారు. లోపలి మైనం కరిగిపోతుంది. అది వదిలిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొడతారు. ఇక ఆ అచ్చు లేదు. ఇంకో గుర్రం కావాలంటే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అందుకే రెండు బొమ్మలు ఎప్పుడూ ఒకేలా ఉండవు. గ్యాలరీ వాళ్లు గొప్పగా చెప్పే "ఒకే ఒక్క ప్రతి" అనే మాటకి ఇంతకంటే రుజువు ఏముంది? అయినా పక్కన పెయింటింగ్ వేసినాయన "ఆర్టిస్ట్", ఈయన "ట్రైబల్స్".

ఇది మన జిల్లా కథ మాత్రమే కాదు. భోపాల్‌లో భారత్ భవన్ అనే పెద్ద కళా కేంద్రం ఉంది, 1982లో మొదలైంది. ఆ భవనం కట్టేటప్పుడు కూలి పనికొచ్చిన వాళ్లలో భూరీ బాయి ఒకరు. ఝాబువా జిల్లా పిటోల్ ఊరి భిల్ ఆడబిడ్డ. అక్కడి ఆర్ట్ విభాగాన్ని చూసిన చిత్రకారుడు జె. స్వామినాథన్ ఆమె చేత బొమ్మలు వేయించారు. రోజంతా బరువులు మోస్తే వచ్చే కూలి కంటే, కూర్చుని బొమ్మ వేస్తే ఎక్కువ డబ్బులు ఇచ్చేసరికి ఆమెకి నమ్మబుద్ధి కాలేదట. 2021లో ఆమెకి పద్మశ్రీ వచ్చింది. మంచిదే, గర్వపడదాం. కానీ ఒక్కసారి ఆలోచించండి. అవే చేతులు. ఇటుక మోస్తే ఒక ధర, కుంచె పడితే ఒక ధర. ఆ రోజు ఆమెతో పాటు ఇటుకలు మోసిన మిగతా ఆడవాళ్లలో ఎంతమంది పేర్లు మనకి తెలుసు? చెయ్యి మారలేదు, చూసేవాళ్ల కన్ను మారింది. అంటే ధర నిర్ణయించేది ఎప్పుడూ మనం కాదు.

పేరు దొరికినా కథ ముగిసిపోదు. జన్‌గఢ్ సింగ్ శ్యామ్ సంగతి చూడండి. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ ఊరి ప్రధాన్ గోండు. మన ఆదిలాబాద్‌లో కిక్రి వాయిస్తూ గోండుల కథలు పాడే ప్రధానులు ఉన్నారు కదా, ఆ తెగే. జనాభా లెక్కలు రాసేవాళ్లు ఊరికొచ్చిన రోజుల్లో పుట్టాడని, జనగణన అనే మాట నుంచి ఆ పేరు పెట్టారని చెప్తారు. సర్కారు లెక్క నుంచి వచ్చిన పేరుతోనే లోకమంతా తెలిశాడు. స్వామినాథన్ బృందం ఆయన ఇంటి గోడ మీద బొమ్మలు చూసి భోపాల్ తీసుకెళ్లింది. అక్కడ మొదటిసారి కాగితం, రంగుల సీసాలు పట్టాడు. ప్రధానులు పాడే దేవుళ్లకి చుక్కలతో, గీతలతో ఆకారం ఇచ్చాడు. ఈరోజు "గోండు పెయింటింగ్" అని మార్కెట్లో కనిపించేదంతా ఆయన వేసిన దారే. 1989లో పారిస్‌లో "భూమి మాంత్రికులు" అనే అర్థం వచ్చే పేరుతో జరిగిన పెద్ద ప్రదర్శనకి ఆయన బొమ్మలు వెళ్లాయి.

అలాంటి మనిషి జపాన్‌లో ఒక మారుమూల ఉన్న మిథిలా మ్యూజియంలో కాంట్రాక్టు మీద బొమ్మలు వేయడానికి వెళ్లి, 2001 జూలైలో అక్కడే ప్రాణం తీసుకున్నాడు. వయసు సుమారు నలభై. ఇంటికి రావాలని ఉందని ఉత్తరాలు రాశాడు. ఆయన ఏ షరతుల మీద పనిచేశాడు, ఎందుకు వెనక్కి రాలేకపోయాడు అని మన దేశంలో కళాకారులు గట్టిగానే అడిగారు. తొమ్మిదేళ్ల తర్వాత, 2010లో, ఆయన 1988లో వేసిన సాలీడు బొమ్మ న్యూయార్క్ సోథెబీస్ వేలంలో 31,250 డాలర్లకి అమ్ముడుపోయింది. దేశం కాని దేశంలో కాంట్రాక్టు పని చేసినవాడు మనిషి. వేలంలో ధర పలికింది కాగితం. వలస కూలీగా సిమెంటు పనికి వెళ్లే మన అన్నదమ్ములకి, పారిస్ చూసొచ్చిన జన్‌గఢ్‌కి మధ్య దూరం మనం అనుకున్నంత ఎక్కువేమీ కాదు.

అందుకే నేను గ్యాలరీని ఆర్ట్ స్టూడెంట్‌లా కాకుండా పోడు రైతు బిడ్డలా చూడమంటున్నా. మనకి భూమి విషయం బాగా అర్థమవుతుంది. తాతల నుంచి దున్నుతున్నా, పట్టా మీద పేరు లేకపోతే ఆ భూమిలో మనం ఆక్రమణదారులం. చీటీ మీద పేరు కూడా అలాంటిదే. అది గొప్ప కోసం కాదు, అది పట్టా.

ఎలాగంటారా? కాపీరైట్ చట్టం, 1957లో సెక్షన్ 53ఏ అని ఒకటుంది. 1994 సవరణతో వచ్చింది. ఒక పెయింటింగ్, శిల్పం, డ్రాయింగ్ అసలు ప్రతిని కొన్నవాళ్లు దాన్ని మళ్లీ పదివేల రూపాయలకి మించి అమ్మితే, ఆ ధరలో వాటా అడిగే హక్కు చేసినవాళ్లకి ఉంది. వాళ్లు లేకపోతే వారసులకి ఉంది. వాటా 10 శాతం దాటకూడదు. చేసినవాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు కాపీరైట్ నడుస్తుంది. న్యూయార్క్ వేలానికి మన చట్టం పనిచేయదు. కానీ ఢిల్లీ, ముంబై, హైదరాబాద్ అమ్మకాల సంగతేంటి? మన ఊళ్లలో ఎంతమందికి ఈ సెక్షన్ తెలుసు? తెలిసినా, చీటీ మీద "ట్రైబల్స్" అని ఉంటే ఎవరు వెళ్లి అడగాలి? పేరు లేని చోట వారసుడు కూడా ఉండడు.

ఇంకొకటి, జీఐ ట్యాగ్. ఆదిలాబాద్ డోక్రాకి 2018లో వచ్చింది. పేపర్లలో చదివి సంబరపడ్డాం. కానీ జీఐ అంటే ధర కాదు, గ్యారంటీ కూలి కాదు. ఆ పేరు పెట్టి అమ్ముకోవాలంటే చేసేవాళ్లు అధీకృత వినియోగదారుగా రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ట్యాగ్ వచ్చిందని ఆగిపోతే, ఆ పేరు మీద వ్యాపారం దళారీ చేస్తాడు. మన ఓజాల ఇళ్లలో ఎంతమందికి ఆ రిజిస్ట్రేషన్ కాగితం ఉందో వెళ్లి అడగండి. చదువుకున్న మనం చేయాల్సిన పని ఇది. ఫారం నింపడం చిన్న పని కాదు.

మూడోది మైనం. తేనెమైనం ఎక్కడి నుంచి వస్తుంది? అడవి నుంచి. అటవీ హక్కుల చట్టం, 2006 చిన్నతరహా అటవీ ఉత్పత్తుల లెక్కలో తునికాకు, వెదురుతో పాటు తేనె, మైనం పేర్లు కూడా రాసింది. సేకరించుకునే హక్కు, అమ్ముకునే హక్కు మనదని చెప్పింది. అడవిలోకి వెళ్తే కేసు పెడతాం అనేవాళ్లే, పట్నంలో మన బొమ్మ పక్కన నిలబడి ఫొటో దిగుతారు. అడవి లేకుండా మైనం లేదు, మైనం లేకుండా ఆ గుర్రం లేదు. కళని కాపాడతాం, అడవిని మాత్రం అడగొద్దు అంటే అది కుదరదు.

ఇక్కడ మీలో కొందరికి ఒక డౌట్ వస్తుంది. ఆ రోజు సమావేశంలో ఒక చెల్లి అడిగింది కూడా. "అన్నీ ఒక మనిషి పేరు మీద ఎలా రాస్తాం? దేవుడి సామాను ఎవరి సొంతం?" మంచి ప్రశ్న. భూమిలో దీనికి జవాబు ఉంది. వ్యక్తిగత పట్టా ఉంది, సామూహిక హక్కు పత్రమూ ఉంది. కళలోనూ అంతే.

దీనికి న్యూజీలాండ్ నుంచి ఒక ఉదాహరణ. అక్కడి మావోరీలు కూడా మనలాగే ఆ నేల మూలవాసులు. నలుగురు మావోరీ ఆడవాళ్లు "మాతాహో కలెక్టివ్" అనే పేరుతో కలిసి పనిచేస్తారు. ఎవరు ఏ ముడి వేశారో విడిగా చెప్పరు, పని మొత్తం నలుగురిదీ. వాళ్లు చేసిన ఒక పెద్ద పని పేరు "తాకాపావు". ఆ మాటకి వాళ్ల భాషలో చాప అని అర్థం. పురుడు లాంటి సందర్భాల్లో పరిచే నాణ్యమైన అల్లిక చాప. దాన్ని వాళ్లు దేనితో అల్లారో తెలుసా? లారీల మీద సరుకు బిగించి కట్టే మెరిసే పట్టీలతో. మన లారీ డ్రైవర్లు, హమాలీలు రోజూ లాగి బిగించే పట్టీల్లాంటివే. ఒక పెద్ద గది పైకప్పు అంతా ఆ అల్లిక. 2024లో ఇటలీలోని వెనిస్ బియెన్నాలేలో ఆ పనికి గోల్డెన్ లయన్ వచ్చింది. కళా ప్రపంచంలో అంతకంటే పెద్ద బహుమతులు కొన్నే ఉంటాయి.

నాకు దీంట్లో రెండు విషయాలు నచ్చాయి. ఒకటి, సమూహం పేరు వేరు, అనామకత్వం వేరు. "మాతాహో" అనేది వాళ్లు పెట్టుకున్న పేరు. "ట్రైబల్స్" అనేది ఎవరో మనకి అంటించిన చీటీ. రెండోది, ఆదివాసీ అంటే పాత వస్తువే చేయాలని వాళ్లు ఒప్పుకోలేదు. మన పిల్లలు తునికాకు గోనె సంచుల మీద, పత్తి చేలో పురుగుమందు డబ్బాల మీద బొమ్మలు వేస్తే "ఇది ట్రైబల్ ఆర్ట్‌లా లేదే" అంటారు. మనం ఏం తింటున్నామో, ఏ పనికి వెళ్తున్నామో అదే మన బతుకు. యాభై ఆకులు లెక్కపెట్టి కట్టే తునికాకు కట్టలో మా అవ్వ నడుంనొప్పి ఉంది. అది కూడా మన అస్తిత్వమే. నెమలి ఈకలు ఒక్కటే కాదు. జన్‌గఢ్ బంధువు భజ్జూ శ్యామ్ లండన్‌లో ఒక రెస్టారెంట్ గోడలకి రంగులు వేయడానికి వెళ్లి, తిరిగొచ్చాక ఆ ఊరి బొమ్మలు వేశాడు. భూమి కింద నడిచే రైలుని వానపాము చేశాడు, బిగ్ బెన్ గడియారంలో కోడిపుంజుని చూశాడు. 2004లో అది "ది లండన్ జంగిల్ బుక్" అనే పుస్తకంగా వచ్చింది. వాళ్లు మనల్ని చూసి బొమ్మలు వేసినట్టే, మనమూ వాళ్లని చూసి వేయొచ్చు.

బహుమతి వస్తే అన్నీ సర్దుకుంటాయని మాత్రం అనుకోవద్దు. నార్వేలో సామీ అనే మూలవాసుల్లో కొందరు రెయిన్‌డీర్లని మేపుకుని బతుకుతారు. సర్కారు మందలు తగ్గించమని ఆర్డర్ వేసింది. ఒక సామీ యువకుడు కోర్టుకెళ్లాడు. అతని అక్క మారెట్ ఆన్నె సారా 2017 డిసెంబర్‌లో 400 రెయిన్‌డీర్ పుర్రెలని తెరలా కట్టి ఓస్లోలో పార్లమెంటు ముందు వేలాడదీసింది. అదే నెలలో తమ్ముడు సుప్రీంకోర్టులో కేసు ఓడిపోయాడు. తర్వాత ఆ పుర్రెల తెరని నార్వే నేషనల్ మ్యూజియం కొనుక్కుంది. నిరసనకి మ్యూజియంలో చోటు దొరికింది, మందకి మేతలో దొరకలేదు. ఇది మన జోడేఘాట్‌కి కొత్త సంగతి కాదు. భీం విగ్రహానికి దండ వేసిన చేతులే పోడు మొక్కలు పీకించడం మనం చూశాం.

మన లోపల కూడా కొంచెం చూసుకుందాం. దండారికి దేవుడి గంట కావాలి, కానీ ఆ గంట పోసిన ఓజా ఇంటి ముందు నిలబడి పది రూపాయలు బేరమాడతాం. కథ చెప్పడానికి ప్రధాన్ కావాలి, తోటి కావాలి, మీటింగ్ స్టేజీ మీద కుర్చీ మాత్రం వాళ్లకి వేయం. పట్నంవాళ్లని అడిగే ముందు ఇది సరిచేసుకోవాలి. ఇంకొకటి, ఆగస్టు 9 వస్తే ఎవరో ఫోన్ చేస్తారు, "గెస్టులు వస్తున్నారు, గుస్సాడీ టోపీలు పెట్టుకుని గేటు దగ్గర నిలబడండి" అని. ఛార్జీలు ఇస్తామంటారు. మనం వెళ్తాం. నేనూ వెళ్లా, దాచుకోను. దీపావళి వేళ పూజ చేసి తీసే టోపీని ఆగస్టులో గేటు దగ్గర పెట్టుకుని గంటన్నర నిలబడ్డా. లోపల ఏం మాట్లాడారో నాకు ఇప్పటికీ తెలియదు.

అందుకని ఈసారి ఫోన్ వస్తే కుదరదు అనమని నేను చెప్పను. వెళ్లండి, కానీ ముందు అడిగి వెళ్లండి. చీటీ మీద ఎవరి పేరు రాస్తారు? రోజుకి ఎంత ఇస్తారు, ఎన్ని రోజులు, తిరిగి రావడానికి ఛార్జీలు ఎవరివి? వస్తువు అమ్ముడైతే మాకెంత, మళ్లీ అమ్ముడైతే మాకెంత? ఇవన్నీ కాగితం మీద రాసివ్వమనండి. దేవుడి వస్తువు అడిగితే, అది ఒక్కరు చెప్పే జవాబు కాదు. పెసా చట్టం, 1996 మన సంప్రదాయాలని, సాంస్కృతిక గుర్తింపుని కాపాడుకునే అధికారం గ్రామసభకి ఇచ్చింది. గ్రామసభలో పెట్టండి. గ్రామసభ వద్దంటే వద్దు.

మనం చేయగలిగే ఒక చిన్న పని చెప్పి ముగిస్తా. ఒక నోట్‌బుక్ తీసుకోండి. మీ ఊళ్లో, చుట్టుపక్కల గూడేల్లో ఇత్తడి పోసేవాళ్లు, కిక్రి చేసేవాళ్లు, బుట్టలు అల్లేవాళ్లు, గోడల మీద ముగ్గులేసేవాళ్లు, అందరి పేర్లూ రాయండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాయండి. వాళ్లు ఒప్పుకుంటే చేసిన ప్రతి వస్తువునీ తేదీతో ఫొటో తీసి పెట్టండి. రేపు ఏ గ్యాలరీలోనైనా "ట్రైబల్స్" అనే చీటీ కనబడితే, ఆ నోట్‌బుక్ తెరిచి, ఇదిగో పేరు, రాయండి అని చెప్పగలగాలి.

ఆ గుర్రం చేసిన చిన్నాయన ఇప్పుడు లేడు. ఆయన పేరు మా ఊరి నోట్‌బుక్‌లో మొదటి పేజీలో రాశాం. ఇంట్లోవాళ్లని అడిగిన తర్వాతే రాశాం. మీ మొదటి పేజీలో ఎవరి పేరు ఉంటుందో ఈ సెలవుల్లోనే వెళ్లి కనుక్కోండి.

జై ఆదివాసీ. జోహార్.